ఎవరి బిళ్ళ వాళ్ళే తియ్యాలి

“కూర్చోను. కూర్చోడానికి రాలేదు నేను,” అంది కూతురు, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి.

తల్లి వంటింట్లోంచి గ్లాసు పట్టుకుని పరుగున వచ్చింది. “మంచినీళ్ళయినా తాగవే. ఎండన పడి వచ్చావు.”

“వద్దమ్మా.”

పెద్దమేస్త్రి కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. పని నుంచి వచ్చి ఇంకా బట్టలు మార్చుకోలేదు, చొక్కా జేబులో టెస్టరు అలాగే ఉంది. యుద్ధనౌకల్లో కరెంటు పని చేసీ చేసీ జుట్టు నెరిసిన మనిషి. ఓడల మరమ్మతు యార్డులో ఆఫీసర్లు సైతం ఆయన్ని పేరు పెట్టి పిలవరు, పెద్దమేస్త్రి అంటారు. అంతటివాడికి ఇవాళ కన్నకూతురి ఎదుట చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

“రేపే కదా విచారణ?” అంది కూతురు.

“రేపే.”

“నీ అల్లుడు ఎలా ఉన్నాడో తెలుసా నీకు? కంచం ముందు కూర్చుంటాడు, మెతుకులు కెలికి లేచిపోతాడు. పలకరిస్తే గోడకేసి చూస్తాడు. ఓడల మీద పని చెయ్యనివ్వకపోతే ఈ ఊళ్ళో ఉండి ఏం చెయ్యనంటున్నాడు. ఏదో సరుకు ఓడలో చేరి ఎటైనా వెళ్ళిపోతాడట. మరి నేనేమైపోవాలి?”

“ఎక్కడికీ పోడులే అమ్మా. కోపంలో అంటాడు.”

“కోపమా? నీ మీద కోపమైనా రావడం లేదు నాన్నా ఆయనకి. అదే నాకు భయం. వచ్చుంటే నాలుగు తిట్టి ఊరుకునేవాడు.”

తల్లి గ్లాసు బల్ల మీద పెట్టి, చెంగుతో చేతులు తుడుచుకుంది. వారం రోజులుగా ఆ ఇంట్లో ఆవిడది ఒకటే పాట. ఇప్పుడూ అదే ఎత్తుకుంది. “నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళి చెప్పింది ఎవరో పరాయివాళ్ళయితే సరే అనుకుందుము. పిల్లనిచ్చిన మామే వెళ్ళి అల్లుడి మీద చెబుతాడుటండీ? విన్నవాళ్ళు ముక్కున వేలేసుకుంటున్నారు.”

“వేసుకోనీ,” అన్నాడాయన.

వినడానికి ఎంత చిన్న విషయం! ఒక రేకు ముక్క. అరచేతిలో ఇమిడిపోయే ఎర్రబిళ్ళ. దాని కోసం ఒక సంసారం అల్లాడిపోతోంది. కానీ ఓడలో కరెంటు పని చేసేవాడికి ఆ రేకు ముక్క ఆయువుపట్టు. కింద ఏ మోటారు మీద చెయ్యి వెయ్యాలన్నా, ముందు పై అంతస్తులో స్విచ్‌బోర్డు దగ్గరికి వెళ్ళి దాని బ్రేకరు దించాలి. దించిన పిడికి తన నంబరున్న ఎర్రబిళ్ళ తగిలించాలి. అప్పుడు కిందికి దిగాలి. పని అయ్యాక తనే పైకొచ్చి తనే తియ్యాలి. ఎవరి బిళ్ళ వాళ్ళే తియ్యాలి. ఓడ కెప్టెను స్వయంగా వచ్చి అడిగినా మరొకరు ముట్టుకోడానికి వీల్లేదు. బిళ్ళ వేలాడుతోందంటే కింద ఒక మనిషి ప్రాణాలు ఆ వైర్ల మధ్య పెట్టి కూర్చున్నాడని అర్థం. అల్లుడు అలాంటి బిళ్ళ తీసేశాడు. తీసి బ్రేకరు పైకెత్తాడు.

“తప్పు కాదని నేననడం లేదు,” అంది కూతురు కాస్త గొంతు తగ్గించి. “తప్పేనని ఆయనా ఒప్పుకున్నాడు. కానీ ఎవరికైనా ఏమైనా అయిందా? గోరు కూడా చిట్లలేదు కదా. ఆ బిళ్ళ ఎవరిదో ఆ మహానుభావుడు హాయిగా ఇంటికెళ్ళి తిని పడుకున్నాడు. మా ఇంట్లోనే పొయ్యి వెలగడం లేదు.”

పెద్దమేస్త్రి తలెత్తాడు.

‘ఆ మహానుభావుడు’ అందంటే... అల్లుడు దానికి చెప్పలేదన్నమాట.

“ఎవరి బిళ్ళో నీకు చెప్పలేదా?” అన్నాడు నెమ్మదిగా.

“అడిగాను. ఎవరిదైతే నీకెందుకంటాడు. పోనీ నువ్వు చెప్పు. ఎవరిది?”

ఆ బిళ్ళ ఆయనదే.

అది భోజనాల వేళ. ఓడ అడుగున, మంటలార్పే పంపు గదిలో ఆయన ఒక్కడే ఉన్నాడు. మోటారు పక్క పెట్టె మూత విప్పి, లోపల వదులైన వైర్ల కొసలు ఒక్కొక్కటే బిగిస్తున్నాడు. మిగతావాళ్ళంతా తిండికి పైకెళ్ళారు. ఇంకొక్క బోల్టే కదా, అదీ అయ్యాకే పోదామని ఆయన ఆగాడు. చెమటకి స్పానరు జారి కింద పడింది. తీసుకుందామని వంగాడు. వంగిన ఆ క్షణంలోనే నెత్తి మీద మోటారు గుర్రుమని తిరిగింది.

వంగి ఉండకపోతే స్పానరుతో సహా ఆయన చెయ్యి ఆ వైర్ల మీదే ఉండేది. నాలుగొందల నలభై వోల్టులు. ఆ పూట ఇంటికి వచ్చేది ఆయన కాదు, ఆయన కబురు.

పైన ఓడవాళ్ళు పంపు నడిపి చూపించమని అల్లుణ్ణి తొందరపెట్టారు. బ్రేకరుకి వేలాడుతున్న బిళ్ళ మీద మామగారి నంబరు చూసి అతను నవ్వుకున్నాడట. ‘మామయ్య మళ్ళీ మర్చిపోయాడు!’ అనుకున్నాడట. ఆ ఇంట్లో పెద్దమేస్త్రి మతిమరుపు ఒక తరగని వేడుక. కళ్ళద్దాలు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా తిరగేస్తాడు. తీసుకెళ్ళిన గొడుగు తిరిగి తెచ్చిన పాపాన పోలేదు. ఉప్పు తెమ్మంటే సబ్బు తెచ్చాడు. భోజనాల దగ్గర అత్తగారు ఈ కథలు చెబుతుంటే అల్లుడు కడుపుబ్బ నవ్వేవాడు, ఆయనా కలిసి నవ్వేవాడు. ఓడ ఎక్కాక ఆ మనిషి ఏనాడూ ఒక స్క్రూ అయినా మర్చిపోయి ఎరగడు. ఆ సంగతి అల్లుడికి తెలియదా? తెలుసు. ఆయన దగ్గరే కదా పని నేర్చుకున్నది! కానీ ఆ వేళ అతని బుర్రలో మెదిలింది నేర్చుకున్న పని కాదు, అత్తగారింట్లో కబుర్లు. వేరేవాళ్ళ బిళ్ళయితే వేలితో కూడా తాకేవాడు కాదు. మామగారిది గనకే చనువు చేసుకున్నాడు.

“చెప్పు నాన్నా,” అంది కూతురు మళ్ళీ. “ఎవరిది?”

చెబితే ఒక్క ముక్కలో తేలిపోతుంది. నీ మొగుడు తీసింది నా బిళ్ళేనే అంటే కూతురి నోరు మూతపడుతుంది. దాంతోపాటే దాని కాపురమూ కూలుతుంది. తండ్రిని చంపబోయిన చేతిని అది మళ్ళీ ఎలా పట్టుకుంటుంది? చిన్నప్పట్నుంచీ దాని తీరు ఆయనకి తెలుసు. ఒకసారి మనసు విరిగిందంటే అతకదు. చెప్పకపోతే తను చెడ్డవాడవుతాడు, అంతే కదా! అనుకోడానికి ఎంత తేలిగ్గా ఉంది.

“ఎవరిదైతే ఏంటమ్మా,” అన్నాడు. “కింద ఉన్నది మనిషేగా.”

“ఆ మనిషి రేపు ‘నేనే తియ్యమన్నాను’ అని ఒక్క మాట అంటే ఆయన బయటపడతాడటగా? నీ చేతికింద మనిషేగా అతను? నువ్వు చెబితే వినడా?”

“అలా అడక్కూడదు తల్లీ.”

“నువ్వు అడక్కు. నన్ను తీసుకెళ్ళు వాళ్ళింటికి. నేను కాళ్ళు పట్టుకుంటాను.”

ఎదురుగా, రెండడుగుల దూరంలో నిలబడి అడుగుతోంది పిల్ల. కాళ్ళు పట్టుకుంటుందట. అంతకన్నా ఆ మోటారు దగ్గరే ఏదో ఒకటి అయిపోయి ఉంటే సుఖంగా ఉండేదేమో అనిపించిందాయనకి.

“చూశావా అమ్మా, ఉలకడు పలకడు,” అంది కూతురు తల్లి వైపు తిరిగి. కళ్ళనిండా నీళ్ళు. “ఆ రోజు నిజంగా ఏమైనా అయ్యుంటే శిక్ష వేసినా అర్థముండేది. బతికే ఉన్నాడుగా వాడెవడో! నిక్షేపంలా బతికుండి మా ఉసురు పోసుకుంటున్నాడు. ఆ పోయేవాడేదో ఆ రోజే పోయినా ఒక దారి.”

“ఛ! అవేం మాటలే!” అంది తల్లి.

“బతికున్నవాడి కోసం నా మొగుణ్ణి బతికుండగానే చంపుతున్నారు కదమ్మా!”

ఆమె వెనక్కి తిరిగింది. వెళ్ళిపోతూ మెట్టు మీద ఆగి, తండ్రి వైపు చూడకుండానే అంది. “రేపు ఆయన చేతిలోంచి ఓడల్లో కరెంటు పని చెయ్యనిచ్చే ఆ కార్డు పోయిందంటే, నాకు పుట్టిల్లు లేదనుకుంటాను. మళ్ళీ ఈ గడప తొక్కను.”

బల్ల మీద మంచినీళ్ళ గ్లాసు అలాగే ఉండిపోయింది.

* * *

పొద్దున్నే పెద్దమేస్త్రి భార్య రెండు టిఫిన్ డబ్బాలు కట్టింది.

కూతురి పెళ్ళయిన నాటినుంచీ అదే వరస. కూతురు తెల్లారకుండానే తన ఉద్యోగానికి పరిగెత్తాలి గనక, అల్లుడి డబ్బా కూడా అత్తగారింట్లోనే తయారయ్యేది. మామగారు రెండూ పట్టుకెళ్ళి ఓడ మీద ఒకటి అతనికిచ్చేవాడు. వారం రోజులుగా అతను పనిలోకి రావడం లేదు. అయినా ఆవిడ చేతికి అలవాటు తప్పలేదు. ఈ వారమంతా రెండో డబ్బా అలాగే వెనక్కి వస్తోంది.

“ఇవాళ వస్తాడుగా విచారణకి,” అంది ఆవిడ. “తినమనండి. నేను పంపానని చెప్పండి, మీరిస్తున్నట్టు కాదు.”

“అలాగే.”

“కళ్ళద్దాలు నెత్తి మీదున్నాయి. మళ్ళీ వెతుక్కుంటారు.”

ఆయన తీసి పెట్టుకున్నాడు. ఆవిడకి నవ్వు రాలేదు. ఎప్పుడూ నవ్వేది.

“ఏమండీ,” అంది తలుపు దగ్గర. “ఆ మనిషి ఎవరో నాకైనా చెప్పకూడదూ? నేనెవరితోనూ అనను.”

“చెప్పి ఏం లాభమే?”

“లాభమని కాదు. నిన్న అది అన్న మాటలు నా చెవుల్లోంచి పోవడం లేదు. పాపం, ఆ ఇంటి ఇల్లాలు వింటే ఏమైపోతుంది!”

ఆయన చెప్పులేసుకుంటున్నవాడల్లా ఒక్క క్షణం ఆగి, వీధిలోకి దిగిపోయాడు. డబ్బాలు రెండు చేతులా బరువుగా ఉన్నాయి.

ఓడ పొడి రేవులో నిలబడి ఉంది. నీళ్ళు తోడేసిన గొయ్యిలో, దిమ్మల మీద, కడుపంతా కనబడేలా నిలబెట్టిన ఇనుప ఓడ. గట్టు నుంచి లావుపాటి కేబుళ్ళు లోపలికి పాకాయి. పెద్దమేస్త్రి స్విచ్‌బోర్డు గదిలోకి వెళ్ళేసరికి చేతికింద వైర్‌మన్ ఒకతను బ్రేకరు దించి తన బిళ్ళ తగిలిస్తున్నాడు. బక్కపలచగా ఉంటాడని అందరూ అతన్ని ఈనెపుల్ల అంటారు.

ఈనెపుల్ల బిళ్ళ తగిలించి ఇనుప నిచ్చెన రెండు మెట్లు దిగాడు. ఏమనుకున్నాడో మళ్ళీ పైకొచ్చాడు. బిళ్ళను చేత్తో పట్టుకుని లాగి చూసుకున్నాడు.

“ఏరా?” అన్నాడు పెద్దమేస్త్రి.

“ఏం లేదు మేస్త్రీ, ఊరికే.” సిగ్గుపడ్డట్టు నవ్వాడు. “ఇదివరకు చూసుకునేవాణ్ణి కాదు. ఈమధ్య దిగుతుంటే వీపు జిల్లుమంటోంది.”

అతను దిగిపోయాక కూడా పెద్దమేస్త్రి ఆ బిళ్ళ ముందు కాసేపు నిలబడ్డాడు.

ఫోర్‌మన్ అక్కడే పట్టుకున్నాడాయన్ని. మంచివాడు. పెళ్ళికి వచ్చి, పెళ్ళికొడుకు భుజం తట్టి మరీ వెళ్ళినవాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“గురువుగారూ, ఒక్క మాట. మీకు మతిమరుపని మీ అల్లుడు ఎప్పుడూ సరదాకి అంటుంటాడుగా. ఆ మాటే విచారణలో అనండి. ‘తియ్యమని చెప్పానేమో, గుర్తు లేదు’ అనండి చాలు. కుర్రాడు బతికిపోతాడు.”

“నా సంగతో?”

“మహా అయితే మిమ్మల్ని ఓడల మీంచి దించి వర్క్‌షాపులో కూర్చోబెడతారు. ఫ్యాను కింద పని. మీకింక ఎంత సర్వీసుందని? వాడికి బోలెడు జీవితం ఉంది.”

ఆ మాట ఆయన మనసులోకి సూటిగా దిగింది. ఎందుకు దిగదు? ఓడల మీద తన రోజులు ఎలాగూ అయిపోవచ్చాయి. ఒక్క అబద్ధం. కూతురు మళ్ళీ గడప తొక్కుతుంది. అల్లుడు మళ్ళీ కంచం ముందు కూర్చుని నవ్వుతాడు. తన మతిమరుపు కథల్లో ఇంకో కథ చేరుతుంది, అంతే. అనేద్దామనే అనుకున్నాడు. విచారణ గది దాకా నడుస్తూ ఆ మాటలు పెదాల మీద కూడబలుక్కున్నాడు కూడా.

* * *

గది చిన్నది. బల్లకి అటు భద్రత చూసే ఆఫీసరు, పక్కన ఫోర్‌మన్. ఇటు గోడ వార బెంచీ మీద అల్లుడు. గడ్డం పెరిగింది, చొక్కా వదులైంది. వారంలో మనిషి ఇంతలా నలిగిపోతాడా అనుకున్నాడు పెద్దమేస్త్రి. ఒకప్పుడు ఈ పిల్లాడి పనితనం చూసి ముచ్చటపడి, తనే వెళ్ళి వాళ్ళవాళ్ళతో సంబంధం మాట్లాడాడు. ‘ఓడ ఎక్కితే నేను నీకు మామను కాను, గుర్తుంచుకో’ అని పెళ్ళయిన మర్నాడే చెప్పాడు కూడా. అప్పుడు ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆఫీసరు అడిగాడు. “బిళ్ళ మీది. కాబట్టి మీ మాటే ముఖ్యం. తియ్యమని మీరు ఎవరి ద్వారానైనా కబురు పెట్టారా? పోనీ ముందే చెప్పి మర్చిపోయారా? ఆలోచించుకుని చెప్పండి.”

ఫోర్‌మన్ చిన్నగా దగ్గాడు.

పెద్దమేస్త్రి నోరు తెరిచాడు. తెరిచి, ఎందుకో అల్లుడి వైపు చూశాడు.

అల్లుడూ తలెత్తి ఆయన్నే చూస్తున్నాడు. కళ్ళల్లో ఆశ. అనండి మామయ్యా, అనేయండి, అని బతిమాలుతున్న చూపు. వారం రోజులుగా చచ్చిపోయిన ఆ మొహంలోకి అప్పుడే కాస్త ప్రాణం వచ్చింది.

అదే ఆయన్ని ఆపేసింది. ఆ నిమిషాన ఆ పిల్లాడు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపి ఉంటే, ఆయన కళ్ళు మూసుకుని అబద్ధమాడేవాడు. తల ఊపలేదు. ఆశగా చూశాడు. చూడకేం చేస్తాడు పాపం! మునిగేవాడికి చెయ్యి కనబడితే పట్టుకోడూ? ఆ పట్టుకోవడం తప్పని కాదు. కానీ కింద ఈనెపుల్ల ఉన్నాడు. బిళ్ళను లాగి చూసుకుని మరీ దిగాడు.

“లేదండీ,” అన్నాడు పెద్దమేస్త్రి. “నేనెవరికీ చెప్పలేదు. కబురూ పెట్టలేదు. మర్చిపోలేదు. నేను కిందే ఉన్నాను.”

ఫోర్‌మన్ కిటికీ వైపు తిరిగాడు.

అల్లుడు లేచి, చొక్కా జేబు మీది కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. ఎవరూ అడక్కముందే పెట్టాడు. వంకరగా పడితే వేలితో సరిచేశాడు కూడా. ఇక అతను ఏ ఓడలోనూ స్విచ్‌బోర్డు దగ్గర నిలబడలేడు.

బయట వరండాలో పెద్దమేస్త్రి రెండో డబ్బా ముందుకు చాచాడు. “మీ అత్తయ్య పంపింది.”

అల్లుడు అందుకోలేదు. “మీరు తలుచుకుంటే నన్ను కాపాడేవారు మామయ్యా.”

“కాపాడేవాణ్ణి.”

“వేరేవాళ్ళ బిళ్ళయితే నేను ముట్టుకునేవాణ్ణి కాదు. ఆ సంగతి మీకు తెలుసు.”

“తెలుసురా. అందుకే చెప్పలేకపోయాను. మామయ్యదే కదా అని నువ్వు చెయ్యి వేశావు. అల్లుడే కదా అని నేను ఇవాళ అబద్ధమాడితే, నాకూ నీకూ తేడా ఏముంది? కిందికి దిగేవాళ్ళ మొహాలు నేనెలా చూడను?”

అల్లుడు గోడకి ఆనుకున్నాడు.

“అమ్మాయికి ఎందుకు చెప్పలేదు?” అన్నాడు పెద్దమేస్త్రి.

“ఎలా చెప్పను? మీ నాన్నని చంపబోయానని ఏ నోటితో చెప్పను? అది నన్ను చూసే చూపు...” అల్లుడు మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. “రాత్రి పడుకుంటే ఆ మోటారు చప్పుడే వినబడుతోంది మామయ్యా. నేను కిందికి దిగి వచ్చేసరికి మీరు నేల మీద కూర్చుని ఉన్నారు. మీ బిళ్ళ ఇంకా నా చేతిలోనే ఉంది.”

“సరే, ఊరుకో. చెప్పకు. నేనూ చెప్పను.”

“అది మిమ్మల్ని తిడుతోంది.”

“తిట్టనీ. నా కూతురే కదా. మీరిద్దరూ బాగుంటే అదే పదివేలు. పద.”

* * *

గేటు బయట, ఎండలో, కూతురు నిలబడి ఉంది.

పని మానేసి వచ్చినట్టుంది, భుజాన సంచీ అలాగే ఉంది. ఇద్దరూ కలిసి బయటికి రావడం చూసి ఒక్క క్షణం ఆమె మొహం వెలిగింది. కలిసి వస్తున్నారంటే అంతా చక్కబడిందనుకుంది కాబోలు! గబగబా ఎదురొచ్చింది. భర్త చొక్కా జేబు మీద ఎప్పుడూ వేలాడే కార్డు కోసం చూసింది. లేదు.

“తీసేసుకున్నారా?”

అతను తలూపాడు.

ఆమె తండ్రి వైపు తిరిగింది. “వచ్చాడా ఆ బిళ్ళ మనిషి?”

“వచ్చాడు.”

“ఏం చెప్పాడు?”

“ఉన్నదే చెప్పాడు.”

“నువ్వు అక్కడే ఉన్నావా? ఉండి వింటూ కూర్చున్నావా?”

“అక్కడే ఉన్నాను తల్లీ.”

గేటులోంచి బయటికి వస్తున్నవాళ్ళు వీళ్ళను చూసి, చూడనట్టు తప్పుకుని పోతున్నారు. కూతురు ఎవర్నీ లెక్కచేసే స్థితిలో లేదు.

“ఆ మనిషికి పిల్లలున్నారా?”

పెద్దమేస్త్రి జవాబు చెప్పకుండా ఉండాల్సింది. కానీ ఆ పిల్ల ఏది అడిగినా చెప్పడం ఆయనకి పుట్టినప్పట్నుంచీ అలవాటు. “ఒక్కతే కూతురు,” అన్నాడు.

“కూతురుండి కూడా ఇంత పని చేశాడా!” ఆమె గేటు వైపు చెయ్యి చూపింది. “అయితే ఆ కూతురు కూడా నాలాగే నడిరోడ్డు మీద నిలబడి ఏడవాలి. ఆ రోజే, ఆ మోటారు దగ్గరే, ఆ మనిషి పోయి ఉంటే బాగుండేది! పోయి ఉంటే...”

“నోర్ముయ్!”

అరిచింది అల్లుడు. పెళ్ళయిన ఇన్నాళ్ళలో అతను ఆమె మీద గొంతెత్తడం అదే మొదటిసారి. ఆమె బిత్తరపోయి చూసింది.

“వద్దు,” అన్నాడు పెద్దమేస్త్రి అల్లుడి చెయ్యి పట్టుకుని. “వద్దురా, నా మాట విను.”

“వినలేను మామయ్యా. ఇది వింటూ నిలబడలేను.” అతను చెయ్యి విడిపించుకున్నాడు. భార్య మొహంలోకి సూటిగా చూశాడు. “ఆ బిళ్ళ మీ నాన్నది.”

ఆమెకి అర్థం కాలేదు. లేక అర్థమవడం ఇష్టంలేకపోయిందో.

“మీ నాన్నది. నేను తీసింది ఆయన బిళ్ళ. కింద ఉన్నది ఆయనే. స్పానరు జారిందని వంగాడు గనక బతికాడు. లేకపోతే నేను... నా ఈ చేత్తోనే...” అతను రెండు చేతులతో మొహం కప్పుకుని గేటు పక్క దిమ్మ మీద కూలబడిపోయాడు. దారినపోయేవాళ్ళు చూస్తున్నా ఆపుకోలేక చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇప్పుడీ పిల్ల వాడి మీద పడుతుంది అనుకున్నాడు పెద్దమేస్త్రి. అడ్డం వెళ్ళడానికి ఒక అడుగు కూడా వేశాడు.

ఆమె భర్త వైపు వెళ్ళలేదు. తండ్రి దగ్గరికి వచ్చింది. ఆయన చేతుల్లోంచి డబ్బాలు తీసి కింద పెట్టింది. ఆయన చేతులు రెండూ పట్టుకుని, బోర్లించి, వెల్లకిలా తిప్పి, వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి చూసింది. ఎక్కడా ఏమీ లేదు. పాత కాయలు తప్ప ఇంకేమీ లేదు.

“నాకేం కాలేదమ్మా,” అన్నాడాయన. “చూడు, ఏమీ కాలేదు.”

“నిన్న సాయంత్రం కూడా ఇదే మాటన్నాను కదా,” అంది ఆమె. గొంతులో కోపం లేదు. “నీ ఎదురుగా నిలబడి అన్నాను కదా.”

“నువ్వు తెలియక అన్నావు. అదేం...”

“తెలియనిచ్చావా నన్ను?” ఆమె ఆయన చేతులు వదిలేసింది. “నా మొగుడేమో నోరు విప్పడు. నువ్వేమో నోరు విప్పవు. ఇద్దరూ కలిసి నా చేత అనిపించారు నాన్నా. నా నోటితో నిన్ను చావమనిపించారు. ఇప్పుడు ఈ నోరు నేనేం చేసుకోను?”

కాపురం కూలకూడదని దాచాడు. దాన్ని బాధపెట్టకూడదని దాచాడు. అది ఇలా తిరిగి ఆ పిల్ల గొంతుకే చుట్టుకుంటుందని ఆయన కల్లో కూడా అనుకోలేదు. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

“ఇంటికి పోదాం పద తల్లీ. అమ్మ ఎదురుచూస్తుంటుంది.”

ఆమె ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. దిమ్మ మీద మొగుడు, ఎదురుగా తండ్రి. తర్వాత భుజాన సంచీ సర్దుకుని, రోడ్డు దాటి వెళ్ళిపోయింది. భర్త లేచి పిలిచాడు. తండ్రీ పిలిచాడు. ఆమె వెనక్కి తిరగలేదు. అప్పుడే వచ్చి ఆగిన బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది.

పెద్దమేస్త్రి కళ్ళు తుడుచుకుని బస్సు నంబరు చూశాడు. అది తన ఇంటివైపు పోయే బస్సు కాదు. వాళ్ళింటివైపు పోయేదీ కాదు.